నైరుతి మూల గొయ్యి

మా ఇంటి బేస్‌మెంట్‌లో వాన పడినప్పుడల్లా ఒక చప్పుడు వచ్చేది. గోడ అవతల ఎవరో బిందెతో నీళ్ళు వంపుతున్నట్టు, సన్నగా, ఆగకుండా. ఇల్లు కొన్న కొత్తలో నాకది ఏమాత్రం నచ్చలేదు. మా ఆయనతో చెబితే, "ఏదో పైపు అయ్యుంటుంది. నీళ్ళు లోపలికి రావట్లేదు కదా, నీకెందుకు?" అన్నాడు. ఏ వస్తువైనా పాడైతే తప్ప అదొకటి ఇంట్లో ఉందని ఆయనకి తెలియదు. పోనుపోను నాకూ అలవాటైపోయింది. వాన రోజు బట్టలు ఉతకడానికి కిందికి దిగితే ఆ చప్పుడు నాకు తోడుగా ఉండేది.

అది ఆగిపోయిన రోజు మాత్రం బాగా గుర్తుంది. చలి తగ్గి వానలు మొదలైన రోజులు. బయట దంచి కొడుతోంది. బట్టల బుట్ట చంకన పెట్టుకుని మెట్లు దిగి, మెషీన్ మూత తెరిచి, అలాగే నిలబడిపోయాను. చప్పుడు లేదు. గోడకి చెవి ఆనించాను. చల్లగా తగిలింది తప్ప ఏమీ వినిపించలేదు. మంచిదే కదా, పైపు బాగుపడిందేమో అని నాకు నేనే చెప్పుకున్నాను గానీ, మనసు ఒప్పుకోలేదు. అంత వాన నీరు ఎక్కడికి పోతున్నట్టు?

అంతకుముందు సంగతి కాస్త చెప్పాలి.

మేముండేది న్యూజెర్సీలో, పార్సిప్పనీ నుంచి కారులో కాసేపు వెళితే వచ్చే ఒక కొండవాలు మీద. ఆ వాలు మీద ఒక అమెరికన్ ముసలాయనకి పెద్ద స్థలం ఉండేది. ఎగువన ఒక ఇల్లు, దిగువన ఒక ఇల్లు, రెండూ ఆయనవే. ఎగువ ఇంట్లో చాలాకాలం కాపురం చేసి, మోకాళ్ళు మొరాయించాక దిగువన చిన్న ఇల్లు కట్టుకుని అందులోకి మారాడు. తరవాత స్థలాన్ని రెండు ముక్కలు చేసి, ఎగువ ముక్కని ఇంటితో సహా మాకు అమ్మాడు. రెండు ముక్కల మధ్య రాళ్ళు పేర్చి కట్టిన గోడ ఉంది. మా వైపు నుంచి చూస్తే అది పెరటి అంచు, అంతే. దిగువ నుంచి చూస్తే మనిషెత్తు దాటిన గోడ. మా పెరట్లోని మన్నంతా దాని వీపు మీదే ఆనుకుని ఉంటుంది.

ఆ గోడ చివర, దిగువ స్థలంలో, నైరుతి మూలన ఇనుప జాలీ వేసిన గొయ్యి ఒకటి ఉండేది. ఆకులు రాలే కాలంలో ముసలాయన పొడుగాటి పళ్ళ రేక్ పట్టుకొచ్చి, జాలీ మీద పేరుకున్న ఆకుల్ని గొణుక్కుంటూ లాగేసేవాడు. వంటింటి కిటికీలోంచి చూసి, ఈయనకి ఆకులంటే ఇంత కోపమేమిటో అనుకునేదాన్ని. ఆ గొయ్యి ఎందుకో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు. ఇల్లు కొన్నప్పుడు సంతకాలు పెట్టిన అన్ని కాగితాల్లోనూ దాని ఊసే లేదు.

కొన్నేళ్ళకి ముసలాయన కూతురి దగ్గరికి ఫ్లోరిడా వెళ్ళిపోతానన్నాడు. అమ్మకానికి బోర్డు పెట్టకముందే నేను ఫోన్ అందుకున్నాను. పక్కింట్లోకి మనవాళ్ళు వస్తే అంతకంటే ఏం కావాలి! నాతో ఆఫీసులో పనిచేసే ఒక వరంగల్ అమ్మాయి ఉండేది. చలాకీ మనిషి. నన్ను నోరారా అక్కా అని పిలిచేది. భర్తది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వీసా మీద ఉన్నాడు. ఆ అమ్మాయి ఉద్యోగం కూడా ఆయన వీసాకే ముడిపడి ఉంది. ఒక్కతే కూతురు, అప్పటికి ఇంకా స్కూలుకి వెళ్ళని పిల్ల. అపార్ట్‌మెంట్‌లో విసిగిపోయి ఉన్నారు.

ఇల్లు చూడడానికి వచ్చిన రోజు ఆ అబ్బాయి ఫోన్‌లో దిక్సూచి తెరిచి పెరడంతా తిరిగాడు. "పడమర ఎత్తు, తూర్పు పల్లం! అక్కా, ఇట్లాంటి ప్లాట్ హైదరాబాద్‌ల గూడ దొరకది" అని పొంగిపోయాడు. మా స్థలం పడమటి వైపు ఎత్తుగా ఉండడమే వాళ్ళ ఇంటికి అదృష్టమట. జాలీని కూడా చూశాడు. దాని మీంచే నడిచాడు. కానీ వాస్తులో అప్పటికి ఆయనకి తెలిసింది ఎత్తుపల్లాల వరకే.

వాళ్ళు వచ్చాక మా ఇంటికి ప్రాణం వచ్చింది. గోడ పక్కన ముసలాయన పెట్టిన రాతి మెట్ల మీదుగా గిన్నెలు ఎక్కుతూ దిగుతూ ఉండేవి. నేను గోంగూర పంపితే గిన్నె ఖాళీగా తిరిగొచ్చేది కాదు, సకినాలతో వచ్చేది. ఇక్కడి పిల్లలందరికీ నేను ఆంటీని. ఆ పాప ఒక్కతే నన్ను "పెడ్డమ్మా" అని పిలిచేది, నోరు తిరగక. మధ్యాహ్నం దాటాక నీడ పడేది గోడ కిందే కాబట్టి ఉయ్యాల అక్కడే వేశారు, పక్కన ఇసుక తొట్టి పెట్టారు. నా వంటింటి కిటికీలోంచి చూస్తే, ఉయ్యాల పైకి లేచినప్పుడల్లా పాప తల గోడ అంచు మీద కనిపించి మాయమయ్యేది.

అలా ఉండగా ఆ అబ్బాయి ఉద్యోగం పోయింది. వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోవడమంటే జీతం పోవడం కాదు, ఉండే అర్హత పోవడం. కొద్ది గడువిస్తారు, ఈలోపు ఇంకో కంపెనీ దొరక్కపోతే ఇల్లూ వాకిలీ వదిలి పెట్టెలు సర్దుకోవడమే. అబ్బాయి గడ్డం పెంచుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఎవరో చెబితే హైదరాబాద్‌లో ఉన్న ఒక వాస్తు సిద్ధాంతితో వీడియో కాల్ పెట్టుకుని, ఫోన్ పట్టుకుని పెరడంతా చూపించాడట. సిద్ధాంతిగారు ఆ మూల దగ్గర ఆపమన్నాడట. నైరుతిలో గొయ్యి ఉంటే ఇంటి యజమానికి స్థానభ్రంశమేనని, వెంటనే పూడ్చి దాని మీద బరువు పెట్టాలని చెప్పాడట.

ఆ వారాంతం నన్ను పూజకి పిలిచారు. వెళ్ళేసరికి జాలీ లేదు. గొయ్యి నిండా రాళ్ళూ మట్టీ పోసి, మధ్యలో పసుపు గుడ్డ చుట్టిన రాగి యంత్రం పెట్టి, పైన సిమెంటు వేసి, దాని మీద తోటల్లో అలంకారానికి అమ్మే పెద్ద బండ ఒకటి దించారు. బండకి పసుపు కుంకుమ పెట్టారు. నేను అక్షింతలు వేశాను. పులిహోర పెడితే రెండోసారి కూడా వేయించుకుని తిన్నాను. నా ఇంటి నీళ్ళ గొంతు అక్కడ నొక్కేశారని నాకేం తెలుసు?

నెల తిరగకముందే అబ్బాయికి ఉద్యోగం వచ్చింది. కొత్త కంపెనీవాళ్ళు వీసా బదిలీకి పిటిషన్ వేశారు. అది మంజూరయ్యేలోగా పనిలో చేరవచ్చు కాబట్టి చేరిపోయాడు. ఆ అమ్మాయి డబ్బా నిండా లడ్డూలు పట్టుకొచ్చి నన్ను వాటేసుకుంది. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ తరవాత వచ్చిన మొదటి పెద్ద వానలోనే నా బేస్‌మెంట్ మూగదైంది.

ముందు వాసన మొదలైంది, తడి గోనెసంచి వాసన. తరవాత గోడ అడుగున చెమ్మ గీత కనిపించింది, రోజురోజుకీ కాస్త పైకి పాకుతూ. పెరట్లో నడుస్తుంటే గోడ దగ్గర నేల పాదాల కింద మెత్తగా కుంగేది. ఒక ఉదయం కాఫీ కలుపుతూ కిటికీలోంచి చూశాను. ఉయ్యాల కొయ్యకి, గోడకి మధ్య ఎప్పుడూ మనిషి దూరేంత సందు ఉండేది. ఇప్పుడు చెయ్యి పెట్టేంత కూడా లేదు. ఉయ్యాలని ఎవరూ కదపలేదు. గోడే వచ్చింది. కిందికి దిగి పక్కనుంచి చూస్తే గోడకి పొట్ట వచ్చింది, నెలలు నిండిన పొట్టలాగా. రాళ్ళ మధ్య సందుల్లోంచి బురద నీరు చెమటలా కారుతోంది. పాప ఆ పొట్టకి కాళ్ళు తన్ని ఉయ్యాల ఊగుతోంది.

దాన్ని ఉయ్యాల మీంచి ఎత్తుకుని తీసుకుపోయి వాళ్ళమ్మకి అప్పజెప్పాను.

మర్నాడు డ్రెయిన్ పనులు చేసే అతన్ని పిలిపించాం. మా బేస్‌మెంట్ చుట్టూ, గోడ వెనకా నేలలో పైపులున్నాయని, అన్నీ కలిసి ఒక్క పైపుగా గోడ కింద నుంచి దిగువ గోతిలోకి పోతున్నాయని, అక్కణ్ణుంచి నీళ్ళు జాలీ సందుల్లోంచి పొంగి కింది వాగులోకి పారాలని చెప్పాడు. అందులోకి కెమెరా పంపించి తెర మీద చూపించాడు. చీకట్లో నీళ్ళు, నీళ్ళు, చివరికి రాళ్ళు. రాళ్ళ సందులో పసుపు గుడ్డ అంచు. మా ఆయన నా వైపు చూశాడు. నేను తిన్న పులిహోర గుర్తొచ్చింది. నీళ్ళన్నీ గోడ వెనకే నిలిచిపోతున్నాయని, పెద్ద వాన వస్తే గోడ ఆగకపోవచ్చని, దాని కిందకి ఎవరినీ రానివ్వద్దని చెప్పి అతను వెళ్ళిపోయాడు.

సాయంత్రం దిగువకి వెళ్ళాను. ఆ అమ్మాయి చపాతీలు ఒత్తుతోంది. ఫోన్‌లో బొమ్మలు చూపించి, "ఆ బండ తీయించి గొయ్యి తెరవాలమ్మాయ్. లేకపోతే గోడ మీవైపే పడుతుంది. కింద పాప ఆడుకుంటుంది" అన్నాను.

ఆమె చేతిలో అప్పడాల కర్ర ఆగింది. "ఇప్పుడేనా అక్కా?"

"ఇప్పుడే."

"ఆయన పిటిషన్ ఇంకా పెండింగ్‌ల ఉన్నది. అప్రూవల్ రాలే. అది వచ్చేదాంక జర ఆగరాదా?"

"వానకి మీ పిటిషన్ సంగతి తెలీదు."

"నువ్వు నమ్మవని నాకు తెల్సక్కా. కానీ ఎన్ని అప్లికేషన్లు పెట్టిండు, ఒక్క కాల్ రాలే. గొయ్యి మూసినంక నెల గాకముందే ఆఫర్ వచ్చింది. వచ్చిందా లేదా, నువ్వే చెప్పు. ఇప్పుడు తెరిచి, రేపు డినై అయితే? జీవితాంతం దాని వల్లనే అనుకుంటడు ఆయన. నేను గూడ అనుకుంట."

కోపం ముక్కు మీదికొచ్చింది. అయినా నేనేం పెద్ద హేతువాదిని కాదు. కారు కొన్న రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించినదాన్నే. "కనీసం ఉయ్యాలైనా అక్కణ్ణుంచి తీయించు" అన్నాను. తీయించారు. ఇసుక తొట్టి బరువని, తరవాత జరుపుతానని అబ్బాయి వదిలేశాడు. మా ఆయన పంపు తెచ్చి బేస్‌మెంట్ చుట్టూ నీళ్ళు తోడించాడు. ఎంత తోడినా గోడ వెనక నానిన మన్ను నానినట్టే ఉంది. అబ్బాయి మాత్రం నన్ను చూస్తే గరాజ్ తలుపు దించుకుని లోపలికి పోయేవాడు.

మా స్నేహితుల అమ్మాయి ఒకతె లాయరు, ఇక్కడే పుట్టి పెరిగింది. ఆమె ఆఫీసుకి వెళ్ళాను. నా మనసులో భయం ఒకటే. ఆ గొయ్యి వాళ్ళ స్థలంలో ఉంది, మా కాగితాల్లో లేదు. మేము ఏ మొహం పెట్టుకుని అడగాలి?

"ఆంటీ, లిసన్" అంది. "మీకు అమ్మినప్పుడు ఆ ఓల్డ్ మ్యాన్‌కి రెండు ల్యాండ్స్ ఉన్నాయి కదా? పై ఇంటి వాటర్ కింద నుంచి పంపిస్తున్నాడు కదా, అప్పటికే?"

"అవును."

"అది ఎప్పుడూ జరుగుతుంది. చూస్తే కనిపిస్తుంది. ఆ ఇంట్లో ఉండాలంటే అది కావాలి. సో, మీకు ఇల్లు అమ్మినప్పుడు ఆ రైట్ కూడా మీకు వచ్చేసింది. పేపర్‌లో రాయకపోయినా."

"రాయకుండా ఎలా వస్తుందే?"

"ఇంగ్లండ్‌లో ఎప్పుడో జడ్జెస్ చెప్పారు ఆంటీ. ల్యాండ్ పీసెస్ చేసి అమ్మేవాడు ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోకూడదు అని. ఇక్కడ కోర్ట్స్ కూడా ఆల్మోస్ట్ అదే ఫాలో అవుతాయి."

"మరి తరవాత కొనుక్కున్న వీళ్ళకేం సంబంధం?"

"వాళ్ళు దాంతోనే కొన్నారు. ఆ జాలీ అక్కడే ఉంది కదా, దాని మీద నడిచారు అన్నారు కదా. కనిపించేదాన్ని చూడలేదు అంటే కుదరదు. అది హైడ్ అయ్యి ఉంటే, ఎవరూ చెప్పకపోతే, కొత్తగా కొన్నవాళ్ళ మీద పెట్టడం కష్టం. అందుకే కనిపించాలి ఆంటీ. అదే ఇంపార్టెంట్."

వాస్తు సిద్ధాంతి కంటికి దోషంగా కనిపించిన ఆ ఇనుప జాలీయే ఈ పిల్ల చట్టానికి నా తరఫు సాక్షి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎవరికీ చెప్పకుండా, ఏ కాగితం మీదా ఎక్కకుండా ఒక హక్కు నేల కింద నుంచి నా చేతికి వచ్చి ఇన్నేళ్ళుగా ఉందంటే, నా ఇంట్లో ఇంకా నాకు తెలియకుండా ఏమేం ఉన్నాయో అనిపించి భయం కూడా వేసింది.

"అర్జెంట్‌గా జడ్జిని అడగొచ్చు. పేపర్స్ రెడీ చేయనా?" అంది.

"చెయ్యి" అన్నాను.

ఆ సంగతి దాచిపెట్టడం నాకు చేతకాదు. శనివారం దిగువకి వెళ్ళి మొహం మీదే చెప్పాను. ఆ నీళ్ళ దారి మీద మాకు హక్కుందని, సోమవారంలోగా మీ అంతట మీరు తెరవకపోతే నేను జడ్జి దగ్గరికి వెళతానని. అబ్బాయి సోఫాలోంచి లేవలేదు. ఆ అమ్మాయి నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"నా మీద కేసేస్తవా అక్కా?"

"నీ మీద కాదే. ఆ బండ మీద."

"కేసు పడితే మా స్టేటస్‌కి ఏమన్న అయితదా?" అని అబ్బాయి అడిగాడు, నా వైపు చూడకుండా. అవదని చెప్పాను. నమ్మినట్టు లేదు. పాప లోపల్నుంచి పరిగెత్తుకొచ్చి నా చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. వాళ్ళమ్మ దాన్ని వెనక్కి లాక్కుంది. అంతకుముందెప్పుడూ అలా లాక్కోలేదు.

ఆదివారం పొద్దున్నే వాన మొదలైంది. చినుకులుగా కాదు, ఒకేసారి. టీవీలో పొంగిన వాగుల్ని చూపిస్తున్నారు. మా బేస్‌మెంట్‌లో నీళ్ళు నేల పగుళ్ళలోంచి ఊరుతున్నాయి. మా ఆయన పంపు దగ్గర ఉన్నాడు. నేను వంటింటి కిటికీ దగ్గరే నిలబడ్డాను, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయి. పెరటి అంచున మన్ను మీద ఒక పగులు కనిపించింది. గోడ పొడుగునా, కత్తితో గీసినట్టు. చూస్తుండగానే అది నోరు తెరిచింది.

అప్పుడు దిగువన పసుపు రంగు రెయిన్‌కోటు కదిలింది.

పాప ఇసుక తొట్టి దగ్గర నిలబడి ఉంది. గోడ సందులోంచి ఎర్రటి బురద నీరు కొళాయిలా చిమ్ముతోంది. ఆ ధారలో చేతులు పెట్టి నవ్వుతోంది. నేను ఎలా దిగానో నాకు తెలియదు. మెట్ల మీద జారాను, మోకాలు పగిలింది, అది తరవాత తెలిసింది. దాన్ని రెక్క పట్టి లాగి, గుండెకి హత్తుకుని పరిగెత్తాను. వెనకాల ధబ్బుమని చప్పుడైంది. తిరిగి చూస్తే గోడ పైవరసలోని రాయి ఒకటి ఇసుక తొట్టిలో ఉంది. పాప బొమ్మ బకెట్ దాని కింద ఉంది.

తల్లి గుమ్మంలో నిలబడి చూసింది. ఆ రాయిని చూసింది, నా చేతుల్లో పాపని చూసింది. తరవాత లోపలికి తిరిగి, నేనెప్పుడూ వినని గొంతుతో అరిచింది: "పగలగొట్టుండ్రి! ఇప్పుడే పగలగొట్టుండ్రి దాన్ని!"

మా ఆయన గునపం తెచ్చాడు. అబ్బాయి గరాజ్‌లోంచి సమ్మెట తెచ్చాడు. ఇద్దరూ బండని పక్కకి దొర్లించి, వానలో తడుస్తూ సిమెంటు పొర పగలగొట్టారు. అబ్బాయి వేసే ప్రతి దెబ్బకీ ఏడుస్తున్నాడు, ఆ వానలో కూడా అది తెలుస్తూనే ఉంది. పై రాళ్ళు కొన్ని లాగేసరికి లోపల్నుంచి నీళ్ళు ఉబికి వచ్చాయి, మట్టినీ కంకరనీ తోసుకుంటూ. పసుపు గుడ్డ పైకి తేలింది. రాగి యంత్రం దానిలోంచి జారి, గడ్డి మీద రెండు పల్టీలు కొట్టి, నీళ్ళతో పాటు వాగు వైపు పోయింది. అబ్బాయి దాని వెనక నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. ఆ అమ్మాయి అది కనుమరుగయ్యేదాకా చూస్తూనే ఉంది.

గోడ నిలిచింది. మధ్యాహ్నానికి మా బేస్‌మెంట్‌లో పాత చప్పుడు మళ్ళీ మొదలైంది. నేను మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. తరవాత గోడలో దెబ్బతిన్న భాగాన్ని విప్పి మళ్ళీ కట్టించాం, గోతికి కొత్త జాలీ వేయించాం. లాయరమ్మాయికి ఫోన్ చేసి కేసు వద్దన్నాను.

కొన్ని వారాలకి వాళ్ళ పిటిషన్ తిరస్కరించారు.

కారణాలు ఏవో రాశారు, ఆ ఉద్యోగానికి ఆ చదువు సరిపోదనో ఏదో. ఇలాంటివి ఇక్కడ ఎందరికో జరుగుతున్నాయి, వాళ్ళందరి పెరళ్ళలోనూ గోతులు లేవు. ఇదంతా నాకు తెలుసు. అయినా ఆ కబురు విన్న రోజు కిటికీలోంచి ఆ కొత్త జాలీ వైపు చూడలేకపోయాను. వెళ్ళి ఏం మాట్లాడాలో తెలియక గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చాను. ఆ అమ్మాయి ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది. గిన్నెలు తిరగడం మానేశాయి. నా స్టీలు డబ్బా ఒకటి కడిగి మెట్ల మీద పెట్టి ఉంది, ఖాళీగా.

ఇల్లు అమ్మకానికి పెట్టారు. వెళ్ళేలోగా అమ్ముడుపోవాలని ఆత్రం. ఒక శనివారం మనవాళ్ళే ఒక జంట చూడడానికి వచ్చారు, చంకలో అప్పుడప్పుడే నడక నేర్చిన పిల్లతో. నేను పెరట్లో గులాబీలకి నీళ్ళు పోస్తున్నాను. ఆ వచ్చినాయన కూడా ఫోన్‌లో దిక్సూచి తెరిచాడు. నేను నైరుతి మూల వైపు చూశాను. జాలీ కనిపించడం లేదు. దాని మీద బంతిపూల కుండీలు వరసగా పేర్చి ఉన్నాయి, నిండుగా, అందంగా. సందుల్లోంచి నీళ్ళు ఇంకా పోతాయి, నిజమే. ఈ సీజను దాటి ఆకులు రాలితే పోవు.

వాళ్ళావిడ తల పైకెత్తి నన్ను చూసి నవ్వింది. "ఆంటీ, మీరు పైన ఉంటారా? మాకు ఏమైనా చెప్పాల్సినవి ఉన్నాయా?"

ఆ అమ్మాయి కుండీల పక్కనే నిలబడి నా వైపు చూసింది. బతిమాలింది, కళ్ళతోనే. ఆ ఒక్క అమ్మకం జరిగితే వాళ్ళు కాస్త నిలదొక్కుకుంటారని నాకు తెలుసు. ఈలోగా ఆ పిల్ల తల్లి చంక దిగి, తప్పటడుగులు వేసుకుంటూ పోయి, గోడకి రెండు చేతులూ ఆనించి నిలబడింది.

"ఆ కుండీల కింద జాలీ ఉందమ్మా" అన్నాను. "మా ఇంటి నీళ్ళు అందులోంచే పోతాయి. దాన్ని ఎప్పుడూ మూయకూడదు. మూస్తే ఈ గోడ పడుతుంది."

వాళ్ళాయన కుండీ ఒకటి జరిపి చూశాడు. ఫోన్ వైపు చూశాడు, మళ్ళీ జాలీ వైపు చూశాడు. ఆలోచించి చెబుతామన్నారు. కారు ఎక్కేటప్పుడు వాళ్ళ మొహాలు చూస్తేనే అర్థమైంది, ఇక రారని.

ఆ అమ్మాయి ఒక్కొక్క కుండీనే తీసి పక్కన పెట్టింది. చేతులు దులుపుకుని, "మీ రైట్ మీకు మిగిలింది కదా అక్కా" అంది. అంతవరకు నన్ను ఎప్పుడూ మీరు అనలేదు.

పాప కోసం చెప్పాను, ఏ ఇంటి పాపైనా సరే, అందుకోసమే చెప్పాను అని అరవాలనిపించింది. కానీ నోరు తెరిచేలోగా లాయరమ్మాయి మాట గుర్తొచ్చింది. కనిపించాలి ఆంటీ. ఇల్లు చూడడానికి వచ్చినావిడ అడిగినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ పిల్లా, ఈ మాటా? ఇప్పటికీ నాకు తెలియదు.

ఇల్లు అమ్ముడుపోకుండానే వాళ్ళు వెళ్ళిపోయారు. బయల్దేరే రోజు పాప కారు అద్దంలోంచి చెయ్యి ఊపింది. తల్లి ముందుకే చూస్తూ కూర్చుంది.

ఇప్పుడు ఆకులు రాలుతున్నాయి. దిగువ ఇల్లు ఖాళీగా ఉంది, ఏజెంట్ బోర్డు వానకి పక్కకి ఒరిగింది. నిన్న రేక్ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళాను. నా నీళ్ళ దారి శుభ్రం చేసుకోవడానికి వాళ్ళ స్థలంలో అడుగు పెట్టే హక్కు కూడా నాకుందట, ఎవరినీ అడగక్కర్లేదట. జాలీ మీద ఆకులన్నీ లాగేశాను. చప్పుడికి ఎవరైనా తలుపు తీసి, "ఏంది అక్కా, ఏం చేస్తున్నవ్?" అంటే బాగుండునని కాసేపు అలాగే నిలబడ్డాను. ఎవరూ రాలేదు. గోడ వైపు వీపు పెట్టకుండా, పక్కగా నడుచుకుంటూ పైకి వచ్చేశాను.